ఒకే ఒక్క కీ ఉన్న కారు

సికింద్రాబాద్ స్టేషన్ దాకా కారు భార్య నడిపింది. కీ ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉంది. స్టేషన్ ముందు ట్రాఫిక్ పోలీసు విజిల్ వేస్తుంటే ఇంజన్ ఆపకుండానే ఆమె దిగిపోయింది. పక్క సీటులోంచి భర్త డ్రైవర్ సీటులోకి మారాడు. కారు బీప్ బీప్‌మని అరిచింది గానీ చుట్టూ మోగుతున్న హారన్లలో ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఆమె విజయవాడ వెళ్లే శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కింది. అతను దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఇంజన్ ఆపాడు, ట్యాంకు నింపించాడు, స్టార్ట్ బటన్ నొక్కాడు. కీ కనబడటం లేదని డ్యాష్‌బోర్డు మీద అక్షరాలు వచ్చాయి. అప్పటికి కీ ఉన్న బ్యాగు భువనగిరి దాటిపోయింది.

బటన్‌తో స్టార్టయ్యే కారున్న ఏ ఇంట్లోనైనా ఇది జరగవచ్చు. నడుస్తున్న కారులోంచి కీ బయటికి వెళ్లినా ఇంజన్ ఆగకూడదన్నది కంపెనీలు కావాలని పెట్టిన నియమం. ఫ్లైఓవర్ మీద కీ బ్యాటరీ అయిపోతే కారు అక్కడికక్కడ ఆగిపోతే ప్రాణాలకే ముప్పు కదా. అందుకే కారు హెచ్చరిస్తుందే తప్ప ఆపదు. ఒకసారి మనం ఆపాక మాత్రం కీ లేనిదే మళ్లీ కదలదు.

ఇంట్లో బీరువాలో రెండో కీ ఉంటే ఈ ఇబ్బంది ఆటో ఛార్జీతో తీరిపోతుంది. లేకపోతే విజయవాడ నుంచి కీ తిరిగొచ్చేదాకా కారు బంకులోనే ఉండాలి. ఇక ఆ ఒక్క కీ ఎక్కడో పడిపోతే సంగతి పూర్తిగా వేరు. చేతిలో ఒక కీ ఉండగా రెండోది చేయించుకోవడం ఒక పని. ఒక్కటీ లేకుండా కొత్తది చేయించుకోవడం ఇంకో పని. బయటికి రెండూ ఒకటే అనిపిస్తాయి. ఖర్చులో, రోజుల్లో, టెన్షన్‌లో వాటికి పోలికే లేదు. ఎందుకో తెలియాలంటే ఈ కాలపు కారు కీ అంటే ఏమిటో ముందు చూడాలి.

పాత అంబాసిడర్ కీ ఒక ఇనుప ముక్క. దాని పళ్లు చూసి అదే ఆకారంలో ఇంకోటి కోస్తే అదీ పనిచేసేది. వీధి మూలన గొడుగు కింద కూర్చుని తాళాలు చేసే మనిషి పది నిమిషాల్లో కోసి ఇచ్చేవాడు. సౌకర్యమే, కానీ అదే సౌకర్యం దొంగకూ ఉండేది. 1986లో అమెరికాలో షెవర్లే కార్వెట్ కీకి, కరెంటును ఒక కొలతలో అడ్డుకునే చిన్న రెసిస్టర్ బిళ్లను అతికించారు. తాళం చెవి ఆకారంతో పాటు ఆ బిళ్ల విలువ కూడా కలిస్తేనే ఇంజన్ స్టార్టయ్యేది. ఉన్నవి పదిహేను రకాల విలువలే కాబట్టి పట్టుదల ఉన్న దొంగకు అది పెద్ద అడ్డు కాలేదు. బెర్లిన్ గోడ కూలాక జర్మనీలో కార్ల దొంగతనాలు విపరీతంగా పెరిగి, బీమా కంపెనీలు గట్టిగా పట్టుబట్టడంతో, 1998 కల్లా యూరప్‌లో కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అయింది. కీ తలలో గింజంత చిప్ కూర్చుంది. పళ్లు సరిగ్గా కలిసి తలుపు తెరుచుకున్నా, ఆ చిప్‌ను కారు గుర్తుపట్టకపోతే ఇంజన్ నడవదు.

ఈ చిప్ ఎంత పనిచేసిందో అది లేనిచోట చూస్తే అర్థమవుతుంది. అమెరికాలో ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అనే చట్టం లేదు. అక్కడ అమ్మిన చాలా హ్యుందాయ్, కియా కార్లలో, ముఖ్యంగా మామూలు తాళం తిప్పి స్టార్ట్ చేసే మోడళ్లలో, ఆ చిప్ పెట్టలేదు. 2021, 2022 సంవత్సరాల్లో కుర్రాళ్లు వీడియోలు చూసి మరీ వాటిని ఎత్తుకుపోయారు. అదే కంపెనీల బటన్ స్టార్ట్ కార్ల జోలికి ఆ పద్ధతిలో వెళ్లలేకపోయారు. ఈ కాలపు కీ ఖరీదు చూసి విసుక్కునేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం న్యాయం.

జేబులోంచి తీయకుండానే తలుపు తెరిచి, బటన్‌తో ఇంజన్ స్టార్ట్ చేయనిచ్చే స్మార్ట్ కీ ఆ చిప్ కీకి తర్వాతి మెట్టు. 1990ల చివర మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో కనిపించిన ఈ సౌకర్యం, 2010లో మన దేశంలో విడుదలైన నిస్సాన్ మైక్రా లాంటి చిన్న కారులోకే వచ్చేసింది. ఇప్పుడైతే పది లక్షల లోపు కార్ల పై వేరియంట్లలోనూ మామూలే. ఇది పనిచేసే తీరు ఒక సంభాషణలా ఉంటుంది. తలుపు పిడి మీది బటన్ నొక్కగానే కారులోని యాంటెన్నాలు సుమారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నగా ఒక పిలుపు పంపుతాయి. అది మీటరో మీటరున్నరో దూరం మాత్రమే వెళ్తుంది. జేబులోని కీ ఆ పిలుపుకు మేలుకుంటుంది. పిలుపుతో పాటు కారు ఒక లెక్క కూడా ఇస్తుంది, ప్రతిసారీ కొత్త సంఖ్యతో. కీ తన లోపల దాచుకున్న రహస్య సంకేతంతో ఆ లెక్క చేసి జవాబు పంపుతుంది. ఇండియా, యూరప్ కార్లలో ఈ జవాబు సాధారణంగా 433.92 మెగాహెర్ట్జ్ మీద వెళ్తుంది. కారు కూడా తన దగ్గరున్న అదే రహస్యంతో లెక్క చేసి చూసుకుంటుంది. రెండు జవాబులూ ఒకటైతే తలుపు తెరుచుకుంటుంది. రహస్యం మాత్రం ఎప్పుడూ గాల్లోకి రాదు.

కాబట్టి అసలు కీ ఆ ప్లాస్టిక్ డబ్బాలో లేదు. కారు తన జ్ఞాపకంలో రాసుకున్న పేర్ల జాబితాలో ఉంది. మనం షోరూంలో డబ్బు కట్టేది కొత్త డబ్బాకు మాత్రమే అనుకుంటాం. నిజానికి ఆ జాబితాలో ఇంకో పేరు రాయించడమే పెద్ద పని.

వెనకటి రోజుల్లో బ్యాంకులో ఖాతా తెరవాలంటే అప్పటికే ఖాతా ఉన్న మనిషి పరిచయ సంతకం పెట్టాలి. తెలిసినవాడు వెంట వస్తే పని అరగంటలో అయ్యేది. ఎవరూ తెలియని ఊళ్లో అయితే నువ్వెవరో రుజువు చేసుకోవడానికే రోజులు పట్టేది. కారు కూడా అలాగే ఆలోచిస్తుంది. పనిచేసే కీ ఒకటి ఎదురుగా ఉంటే, ఈ వచ్చినవాళ్లు నా వాళ్లే అని నమ్మి కొత్త పేరు రాసుకోవడానికి ఒప్పుకుంటుంది. ఫోర్డ్ వాళ్లు ఈ పరిచయ సంతకం పద్ధతిని ఇంకా స్పష్టంగా పెట్టారు. చాలా ఫోర్డ్ మోడళ్లలో పనిచేసే కీలు రెండు చేతిలో ఉంటే, మాన్యువల్‌లో చెప్పిన వరుసలో చేసి మూడో కీని ఇంటి దగ్గరే మనమే నమోదు చేసుకోవచ్చు. ఒక్కటే ఉంటే కుదరదు, కంప్యూటర్ తగిలించాల్సిందే. ఇండియాలో తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ఫోర్డ్ ప్రకటించినా ఆ కార్లు మన రోడ్ల మీద ఇంకా చాలానే తిరుగుతున్నాయి. రెండు కీలూ భద్రంగా ఉన్నవాళ్లు మాన్యువల్‌లో ఆ పేజీ ఒకసారి తిరగేయడం మంచిది.

ఒక్క కీ కూడా లేనప్పుడు కారు దృష్టిలో అసలు యజమానీ అపరిచితుడే. తలుపు తీయాలి. స్టీరింగ్ లాక్ పడి ఉంటే కారును తోసి తీసుకెళ్లడమూ కష్టమే, ఎత్తి వ్యాన్ మీద పెట్టాలి. సెల్లార్ పార్కింగ్‌లో ఉంటే ఆ వ్యాన్ లోపలికే రాదు. షోరూం వాళ్లు ఛాసిస్ నంబర్‌తో కీ ఆర్డర్ పెట్టాలి, కంపెనీ సర్వర్ నుంచి సంకేతం తెప్పించుకోవాలి, పాత పేర్లన్నీ తుడిచి కొత్తవి రాయాలి. కొన్ని మోడళ్లలో జాబితా దాచిన కంట్రోల్ యూనిట్‌నే మార్చాలంటారు. అప్పుడు బిల్లు కీ ధర దాటి ఎక్కడికో వెళ్తుంది. ఇన్ని రోజులూ ఆఫీసుకు, పిల్లల స్కూలుకు వేరే బండి చూసుకోవాలి. బిల్లులో ఆ ఖర్చు కనబడదు, అంతే.

ఇదంతా తప్పించుకునే మార్గం, ఒక కీ ఉండగానే షోరూంకు వెళ్లి రెండోది చేయించుకోవడం. ఆర్సీ, యజమాని గుర్తింపు కార్డు అడుగుతారు. అడగకపోతేనే ఆలోచించాలి. కారు కొన్నప్పుడు కీలతో పాటు చిన్న లోహపు బిళ్ల మీదో కాగితం మీదో కీ నంబర్ ఇస్తారు. అది దొరికితే స్మార్ట్ కీ లోపల దాగి ఉండే ఇనుప తాళం కోయడం తేలికవుతుంది. చాలామంది ఆ బిళ్లను కీ గుత్తికే తగిలించి ఉంచుతారు, కీతో పాటే అదీ పోతుంది. దాని ఫోటో తీసుకుని, బిళ్లను ఇంటి కాగితాల ఫైలులో పెట్టడం ఒక్క నిమిషం పని.

ముఖ్యమైన మాట ఇంకోటి ఉంది. ప్రోగ్రామింగ్‌కు, అంటే కొత్త కీ పేరు కారులో రాయించడానికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న కీలన్నీ తీసుకెళ్లాలి. చాలా కార్లలో కొత్త కీ నమోదు చేసేటప్పుడు జాబితా మొత్తం మళ్లీ రాస్తారు. ఆ సమయంలో ఎదురుగా లేని కీ పేరు జాబితాలోంచి పోతుంది. మూడో కీ చేయించుకుని వచ్చాక ఊళ్లో నాన్నగారి దగ్గరున్న రెండోది పనిచేయడం మానేసిందంటే కారణం ఇదే. ఎన్ని కీలకు చోటుందో కూడా ముందే అడగాలి. కొన్ని కార్లలో రెండు స్మార్ట్ కీలకే జాగా ఉంటుంది, కొన్నింట్లో నాలుగు, ఎనిమిది దాకా.

బిల్లులో మూడు విషయాలుంటాయి: రిమోట్, దానిలోపలి తాళం కోత, ప్రోగ్రామింగ్ కూలి. మొత్తం ఒకే అంకె చెబితే విడగొట్టి రాసివ్వమని అడగడం వినియోగదారుడి హక్కు. ఒకే కంపెనీ షోరూంల మధ్య కూడా కూలిలో తేడా ఉండవచ్చు కాబట్టి ఇంకో చోట కనుక్కోవడంలో తప్పేమీ లేదు.

షోరూం బయట చేయించుకోవచ్చా అన్నది అందరూ అడిగే ప్రశ్న. చేయించుకోవచ్చు, చూసుకుని. ఆటెల్, ఎక్స్‌హార్స్, లాంచ్ లాంటి కంపెనీల ప్రోగ్రామింగ్ పరికరాలు ఇప్పుడు మన ఊళ్లలోని కీ షాపుల్లోనూ ఉన్నాయి. స్టీరింగ్ కింద, కారు కంప్యూటర్‌తో మాట్లాడటానికి ఉండే ఓబీడీ పోర్టు అనే సాకెట్‌కు ఆ పరికరాన్ని తగిలించి, పనిచేసే కీ ఒకటి పక్కన పెట్టుకుని కొత్త కీని నమోదు చేస్తారు. ఎక్కువగా అమ్ముడయ్యే మోడల్, చేతిలో ఒక కీ, వారంటీ అయిపోయిన కారు అయితే, నలుగురికీ తెలిసిన షాపులో ఈ పని షోరూం కంటే తక్కువలో బాగానే జరుగుతుంది. అన్ని కీలూ పోయినప్పుడు, కారు వారంటీలో ఉన్నప్పుడు, లేదా ఖరీదైన జర్మన్ కారు అయినప్పుడు బయట ప్రయోగం చేయించకపోవడమే మంచిది. మధ్యలో ఆగిపోయిన ప్రోగ్రామింగ్‌ను సరిచేయడం మొదటి పనికంటే కష్టం.

ఎవరి చేతికి ఇస్తున్నామన్నది ధర కంటే ముందు చూడాల్సిన విషయం. ఢిల్లీ పోలీసులు పట్టుకున్న కార్ల దొంగల ముఠాల దగ్గర ఇవే ప్రోగ్రామింగ్ పరికరాలు దొరికిన కేసులున్నాయి. అద్దం పగలగొట్టి, ఓబీడీకి పరికరం తగిలించి, కారు జాబితాలో తమ కీ పేరు రాసుకుని వెళ్లిపోవడం వాళ్ల పద్ధతి. అంటే మన కారులో కొత్త కీ నమోదు చేసే మనిషి, తలచుకుంటే ఇంకోటి కూడా నమోదు చేయగలడు. అందుకే ఆ పని మన కళ్ల ముందే జరగాలి. అయిపోయాక కారులో ఎన్ని కీలు నమోదై ఉన్నాయో పరికరం తెరమీద చూపించమనాలి. ఆ సంఖ్య మన చేతిలో ఉన్న కీల సంఖ్యతో సరిపోవాలి.

డబ్బు ఇచ్చే ముందు కొత్త కీని నాలుగు విధాలా పరీక్షించాలి. బటన్లతో లాక్, అన్‌లాక్ అవుతోందా, జేబులో ఉంచుకుని పిడి ముట్టుకుంటే తలుపు తెరుచుకుంటోందా, ఇంజన్ స్టార్టవుతోందా, లోపలి ఇనుప తాళం డ్రైవర్ తలుపులో తిరుగుతోందా. ఆ తర్వాత బ్యాటరీ తీసేసి కూడా స్టార్ట్ చేసి చూడాలి. స్మార్ట్ కీలో బ్యాటరీ అవసరం లేని చిప్ వేరుగా ఉంటుంది. కీని స్టార్ట్ బటన్‌కు ఆనిస్తే, కొన్ని కార్లలో అయితే కన్సోల్‌లో దానికోసం ఉన్న చోట పెడితే, కారు తన వైపు నుంచే దానికి కరెంటు అందించి చదువుకుంటుంది. చవక కీలలో ఈ భాగం పనిచేయకపోవడం ఉంటుంది. అది బయటపడేది బ్యాటరీ అయిపోయిన రోజునే. చివరగా పాత కీతో కూడా ఒకసారి స్టార్ట్ చేయాలి.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు తరచుగా మోసపోయే చోట్లు రెండు. ఒకటి, వేరే కారుకు వాడిన పాత కీ. చాలా కంపెనీల స్మార్ట్ కీలు ఒకసారి ఒక కారుకు నమోదైతే ఆ కారుకే కట్టుబడిపోతాయి. చూడటానికి అచ్చం మన కీలాగే ఉన్నా ఇంకో కారు జాబితాలో చేరవు. రెండోది మన తెలుగు కుటుంబాల్లో ఎక్కువగా జరిగేది. అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకు వస్తున్నారంటే, అక్కడ అదే కంపెనీ కీ తక్కువకు దొరుకుతోందని తెమ్మంటారు. అమెరికా మార్కెట్‌కు చేసిన చాలా కార్ల కీలు 315 మెగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడతాయి. ఇక్కడి కారు 433 దగ్గర వింటుంది. ఒకరు తెలుగులో పిలిస్తే ఇంకొకరు జపనీస్‌లో వింటున్నట్టే. కీ వెనక రాసి ఉన్న ఫ్రీక్వెన్సీ, పార్ట్ నంబర్ రెండూ కలిస్తేనే కొనాలి.

కీ పోయినప్పుడు ఇంకో కీ చేయించుకోవడంతో పని అయిపోయిందనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు. పోయిన కీ పేరు కారు జాబితాలో అలాగే ఉంటుంది. అది దొరికినవాళ్లు పార్కింగ్‌లో బటన్ నొక్కుకుంటూ తిరిగితే ఏ కారు దీపాలు వెలిగితే అదే. పోయిన కీ పేరు తుడిపించాలి. ఉన్న కీలన్నీ తీసుకెళ్లి జాబితా మళ్లీ రాయిస్తే అది దానంతట అదే పోతుంది. లోపలి ఇనుప తాళంతో తలుపు మాత్రం ఇంకా తెరుచుకుంటుంది, కానీ ఇంజన్ కదలదు. కీ బ్యాగుతో పాటు పోయి, అందులో ఇంటి అడ్రసున్న ఆర్సీ కూడా ఉంటే, ఆ రోజే తుడిపించాలి.

పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి కాపీ తీసుకోవడం కూడా అంతే అవసరం. బీమా పాలసీలో కీ రీప్లేస్‌మెంట్ అనే అదనపు కవర్ తీసుకుని ఉంటే క్లెయిమ్‌కు ఆ కాగితం కావాలి. మామూలు సమగ్ర పాలసీలో కీ పోతే డబ్బు రాదు, ఆ కవర్ విడిగా కొనాలి. స్మార్ట్ కీ ధరతో పోలిస్తే దాని ప్రీమియం చిన్నదే. రెన్యువల్ సమయంలో ఏజెంటు చెప్పకపోతే మనమే అడగాలి. ఏడాదికి ఎన్నిసార్లు ఇస్తారు, పరిమితి ఎంత అన్నది పాలసీ కాగితంలో చదువుకోవాలి.

ఫిర్యాదు కాపీకి ఇంకో పెద్ద ఉపయోగం ఉంది. కారే దొంగతనానికి గురైతే బీమా కంపెనీ అడిగేవాటిలో ఒరిజినల్ కీలు రెండూ ఉంటాయి. రెండో కీ ఏదంటే ఎప్పుడో పోయిందని నోటిమాటగా చెబితే అనుమానం మొదలవుతుంది. కారులో కీ వదిలేశారన్న కారణంతో క్లెయిమ్‌లు తిరస్కరించిన కేసులు వినియోగదారుల కమిషన్ల నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. ఒక డ్రైవర్ ఏదో అడ్రసు కనుక్కోవడానికి లారీలోనే కీ వదిలేసి దిగినప్పుడు ఆ లారీ పోయిన కేసులో, 2023లో సుప్రీంకోర్టు మొత్తం క్లెయిమ్‌ను తోసిపుచ్చడం సరికాదంటూ 75 శాతం ఇప్పించింది. అక్కడ కూడా నాలుగో వంతు నష్టం యజమానిదే. కీ పోయిన రోజే ఇచ్చిన ఫిర్యాదు చేతిలో ఉంటే, చెప్పే మాటకు తేదీ ఉన్న రుజువు ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఈ విషయం మరీ ముఖ్యం. టైర్లు తట్టి చూస్తారు, బానెట్ ఎత్తి చూస్తారు. రెండో కీ అడిగేవాళ్లు తక్కువ. ఒక్క కీతో వచ్చిన కారంటే రెండోది ఎవరి దగ్గరో ఉందని లెక్క. పాత యజమాని డ్రైవర్ దగ్గర కావచ్చు, మరిచిపోయిన సొరుగులో కావచ్చు. న్యాయమైన కారణం కూడా ఉండవచ్చు. చిప్‌ల కొరత వల్ల 2022 అక్టోబరులో టొయోటా జపాన్‌లో కొన్ని కొత్త కార్లకు ఒక స్మార్ట్ కీ, ఒక మామూలు తాళం మాత్రమే ఇచ్చి, రెండో స్మార్ట్ కీ తర్వాత ఇస్తామని చెప్పిందే. కారణం ఏదైనా బేరంలో రెండో కీ చేయించే ఖర్చు తగ్గించుకోవాలి. కొన్న వారంలోపే కొత్తది చేయించి, పాత పేర్లన్నీ తుడిపించాలి. రెండు కీలూ ఇచ్చినా సరే, మూడోది లేదన్న నమ్మకం జాబితా చూస్తేనే కలుగుతుంది.

ఫోన్‌నే కీగా వాడుకునే పద్ధతి కూడా మన దగ్గరకు వచ్చింది. 2024లో కొత్త రూపంలో వచ్చిన హ్యుందాయ్ ఆల్కజార్‌లో ఫోన్‌తో తలుపు తెరిచే డిజిటల్ కీ ఉంది. ఇంట్లోవాళ్లకు కీ పంపడానికి కొరియర్ అక్కర్లేదన్నది నిజంగా మంచి మార్పు. ఫోన్, కీ రెండూ ఒకే బ్యాగులో పోయిన రోజున మాత్రం ఇది ఆదుకోదు.

రెండో కీ చేయించాక దాన్ని కారులో దాచకూడదు. కొన్ని కార్లు లోపల కీ ఉందని గమనించి లాక్ కావు. కొన్ని దాన్ని పట్టించుకోకుండా లాక్ అవుతాయి, అద్దం పగలగొట్టినవాడికి కీ కూడా దొరుకుతుంది. వీధి వైపు తలుపు పక్కన మేకుకు తగిలించడమూ మంచిది కాదు. యూరప్‌లో దొంగలు ఇంటి బయట నిలబడి, లోపలి కీ సంకేతాన్ని రెండు పరికరాల సాయంతో కారు దాకా చేరవేసి బండి తీసుకుపోతున్నారు. జర్మనీ మోటారు వాహనదారుల సంఘం అడాక్ ఏళ్ల తరబడి వందలాది మోడళ్లను పరీక్షించి ఎక్కువభాగం ఈ కిటుకుకు లొంగుతాయని చూపించింది. లోపలి గదిలో, మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో పెడితే ఆ సంకేతం చాలావరకు బయటికి పోదు. డబ్బా పనిచేస్తోందో లేదో చూడటానికి, దాన్ని కారు దగ్గరికి తీసుకెళ్లి తలుపు తెరుచుకుంటుందేమో ప్రయత్నిస్తే చాలు.

బీరువాలో కదలకుండా ఉన్న కీలో కూడా బ్యాటరీ అయిపోతుంది. చాలా కీలలో వాడేది సీఆర్ 2032 అనే మూడు వోల్టుల నాణెం బ్యాటరీ, వాచీ షాపులో దొరుకుతుంది. నెలకో రెండు నెలలకో ఒకరోజు మొదటి కీని ఇంట్లో వదిలేసి రెండోదానితోనే కారు తీస్తే, అది పనిచేస్తోందో లేదో ఇంటి గేటు దగ్గరే తెలిసిపోతుంది.